ప్రాస పేరు మీద వేయకు

చిరంజీవి తమ్ముడికి,

ధాన్యం కొనుగోళ్ల మీద నువ్వు రాసిన వెక్కిరింత పాట అందింది. ఒకసారి చదివి, తర్వాత పైకి పాడి చూసుకున్నాను. నాలుగో చరణం దగ్గరికొచ్చేసరికి నీ మీద కోపమొచ్చింది. ధాన్యంలో తడి కొలిచి, ఎక్కువుందని ధర కోయించే ఆ తేమ మిషన్ మీద అంత మంచి చరణం రాసి, దాన్ని తీసుకెళ్లి చిట్టచివర పడేస్తావా? కళ్లంలో కొలిస్తే 17 శాతం తేమ, అదే ధాన్యం మిల్లు గేటు దగ్గర కొలిస్తే 22. మధ్యలో వాన లేదు, మంచు లేదు, ట్రాక్టరు మీద రెండు కిలోమీటర్ల దారి తప్ప. ఇది పట్టుకోగలిగిన కుర్రాడు మొదటి మూడు చరణాలూ ఒక నాయకుడి పేరు, అతని ముద్దుపేరు, అతను టీవీలో నోరుజారిన మాట మీద తగలేయడం నాకు మింగుడు పడలేదు.

పేరు పెట్టొద్దని అనను. వెక్కిరింత పాటలో పేరు లేకపోతే ఎవరికీ తగలదు. నువ్వు ప్రాస కూడా ఆ పేరు మీదే వేశావు, నా బాధల్లా అదీ. పేరు తీసేస్తే చరణం కూలిపోతుంది. వచ్చే ఎన్నికల్లో అతను ఓడిపోయాడనుకో, ఆ తర్వాత నీ పాట ఎవరు పాడతారు?

1996 నవంబరు తుఫాను తర్వాత ముమ్మిడివరం వైపు కొబ్బరి దింపు తీసేవాళ్లు ఒక పాట పాడుకునేవారు. నష్టం రాసుకోవడానికొచ్చిన అధికారి నేలకూలిన చెట్టుని లెక్కేసి, మొవ్వు, అంటే తల విరిగి నిలబడ్డ చెట్టుని వదిలేశాడట. ఇదీ చచ్చిందే, ఎక్కి చూసుకో బాబూ అని ఆయన్ని పిలుస్తారు. అప్పుడు అందులో ఒక అధికారి పేరుండేది. ఏళ్ల తర్వాత అదే పాట మళ్లీ విన్నాను, పేరు మారింది. మధ్యలో ఇంకో తుఫాను, ఇంకో అధికారి. ప్రాసంతా మొవ్వు, నవ్వు అంటూ నడుస్తుంది కాబట్టి పేరు ఎవరిదైనా ఇమిడిపోతుంది. పాట ఇంకా బతికే ఉంది.

మన పెద్దవాళ్లకి ఈ సంగతి తెలుసు. బుర్రకథలో కథకుడికి పక్కన వంతపాడే ఇద్దరు వంతలుంటారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఆ ఊరి గొడవ, ఆ వారం కబురు అన్నీ రాజకీయ వంత నోటనే. కథ అలాగే ఉంటుంది, అతని మాటలు ఊరూరికీ మారతాయి. త్వరగా పాతబడేదానికి విడిగా ఒక మనిషినే పెట్టుకున్నారు.

1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు చెప్పిన పద్యం చూడు. అందులో ఏ గవర్నరు పేరూ లేదు. భరతఖండమనే పాడియావు ఉంది, ఏడ్చే లేగదూడలున్నాయి, వాటి మూతులు బిగించి పాలు పిండుకునేవాళ్లున్నారు. గరిమెళ్ళ సత్యనారాయణ గారు ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అని పాట కట్టి నేరుగానే తిట్టారు, జైలుకీ వెళ్లారు. దొరలు పోయినా ఆ పాట వింటే ఒళ్లు మండుతుందంటే అందులో పట్టెడన్నం ఉంది, ఉప్పు ఉంది.

2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి మానేసి క్రాప్ హాలిడే ప్రకటించిన రోజుల్లో నేనూ ఒక వారపత్రికకి పాట పంపాను. ఆ సంపాదకుడు తరుగు (తూకంలో కోసేది), ముఠా (బస్తాలు మోసే కూలీల జట్టు), గోనెసంచి అన్న మాటలన్నీ కొట్టేసి అన్నదాత, కన్నీరు అని నింపి అచ్చేశాడు. తనని తాను అన్నదాత అని చెప్పుకున్న రైతుని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ పాట ఎవరి నోటా పలకలేదు. ఆయన మీద కోపం నాకింకా పోలేదు. ఇప్పుడొచ్చిన సినిమా బాణీల పేరడీలు, డీజే దరువులూ అదే పని చేస్తున్నాయి. ఊరి మాటని తుడిచేస్తున్నాయి.

నీ పాటలో ధర కూడా లేదు. 2024 సార్వాకి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2300, అంటే మన 75 కేజీల బస్తాకి 1725. అందులో చేతికెంత వచ్చింది, తరుగు పేరుతో ఎంత కోశారు, అది పాడు. అంకె పాతబడుతుందని భయపడకు. మా అమ్మమ్మ దంపుడు పాటలో బియ్యం ధర వచ్చినప్పుడల్లా మేమంతా ఆ రోజు ధరతో పోల్చుకుని ఉడికిపోయేవాళ్లం.

తేమ మిషన్ చరణాన్ని మొదటికి తీసుకురా. మిగతా మూడింటిలో ఒక్కటే ఉంచు, అందులో పేరు మార్చి పాడినా నడవాలి. నాట్లు వేసే ఆడవాళ్ల దగ్గర పాడి చూడు. వాళ్లు తిరిగి అందుకోని లైను మొహమాటం లేకుండా కొట్టేయి. దాళ్వా (రెండో పంట) కొనుగోళ్లు మొదలయ్యేలోపు ఫోన్లో పాడి పంపు. ఈసారి టైపు చేసి పంపితే చూడను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య