తమ్ముడి మీద కోపం, నాన్న పడక కుర్చీ

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. గత ఏడాది రిటైరయ్యాను. ఆరేళ్ల క్రితం మా ఊళ్లోని పెంకుటిల్లు అమ్మే బాధ్యత తమ్ముడికి అప్పగించి, నమ్మకంతో సంతకాలు పెట్టి ఇచ్చాను. నాకు చెప్పిన ధర ఒకటి, అమ్మిన ధర మరొకటి. అప్పటినుంచీ మా మధ్య మాటల్లేవు. మనశ్శాంతి కోసం బౌద్ధం గురించి చదువుతున్నాను. రోజూ ఉదయం అరగంట ధ్యానం చేస్తున్నాను. రాగద్వేషాలు వదులుకోవాలని, కళ్లు మూసుకోగానే ముందు తమ్ముడికే మేలు జరగాలని తలుచుకుంటాను. రెండు నిమిషాల్లో ఒళ్లు మండిపోతుంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. వచ్చే నెల విజయవాడలో వాడి కూతురి పెళ్లి. ఆ పిల్ల ఫోన్ చేసి ‘పెదనాన్నా, మీరు రావాలి’ అని ఏడ్చింది. నా దగ్గరే ఉంటున్న 82 ఏళ్ల అమ్మ కూడా వెళ్దామంటోంది. వెళ్తే మోసాన్ని ఒప్పుకున్నట్టేనా? వెళ్లకపోతే నేను చదివినదంతా వృథాయేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒక సంగతి గమనించాను. డబ్బు లెక్క మీరు మూడు వాక్యాల్లో ముగించారు. మీ నాన్నగారి పడక కుర్చీ గురించి మాత్రం పేజీన్నర రాశారు. ఆయన సాయంత్రం పూట అరుగు మీద అది వేసుకుని కూర్చోవడం, మీరిద్దరూ దాని కర్రలు పట్టుకుని ఊగడం, ఇంటితో పాటు సామానంతా పోయిందని, ఆ కుర్చీ ఎవరింట్లో ఉందో కూడా తెలియదని. మీరు దీన్ని ద్వేషం అంటున్నారు. నాకు ముందు దుఃఖం కనిపిస్తోంది. నాన్నగారు పోయినప్పుడు మీరు కర్మకాండలు, బ్యాంకు కాగితాలు చూసుకుంటూ తిరిగానని రాశారు. అప్పుడు ఏడవని ఏడుపు ఇల్లు అమ్ముడైనప్పుడు కోపమై బయటికొచ్చిందని నా అనుమానం.

చెడుకు మూలాలు మూడని బౌద్ధం చెబుతుంది: లోభం, ద్వేషం, మోహం (అంటే అజ్ఞానం). ఆ లోభాన్నే మనం రాగం అంటున్నాం. మీ విషయంలో ద్వేషం ఒంటరిగా లేదు, రాగం భుజాల మీద ఎక్కి కూర్చుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఇంతే డబ్బు ఎగ్గొట్టి ఉంటే ఆరేళ్లు నిద్ర మానుకుని ఉండేవారా? సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన తమ్ముడు కాబట్టి ఇంత మంట. పైన ఉన్న ద్వేషాన్ని కిందికి దించాలని మీరు పెనుగులాడుతున్నారు. కింద నిలబడ్డవాడి వైపు ఇంతవరకూ చూడలేదు.

ఇక మీ ధ్యానం. మీరు పొరపాటు చేస్తున్నారు, అది మీ చేతకానితనం కాదు. అందరికీ మేలు కోరుకునే ఈ ధ్యానాన్ని మైత్రీ భావన అంటారు. అది ఎలా చేయాలో అయిదో శతాబ్దపు ఆచార్యుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో వరుసగా చెప్పాడు. మొదట తన మీద తనకు, తర్వాత తాను గౌరవించే గురువులాంటి వ్యక్తి మీద, ఆ తర్వాత ఆప్తుల మీద, అటు తర్వాత ఇష్టం, అయిష్టం ఏదీ లేని మనిషి మీద. శత్రువు అందరికంటే చివర వస్తాడు. శత్రువుతో మొదలుపెట్టవద్దని, తలుచుకోగానే కోపమే పుడుతుందని ఆయన స్పష్టంగానే హెచ్చరించాడు. మీకు జరుగుతున్నది సరిగ్గా అదే. కొన్నాళ్లు తమ్ముణ్ణి ధ్యానంలోకి పిలవకండి. మీ మీద మీరు దయ చూపుకోండి. తర్వాత మీకు పాఠాలు చెప్పిన మాస్టారిని, ఆపైన అమ్మగారిని, రోజూ పాలు పోసే మనిషిని తలుచుకోండి. అక్కడ మనసు నిలిచిన రోజున చూద్దాం.

తలవకపోయినా అతని మొహం గుర్తొస్తుంది. అప్పుడేం చేయాలి? తెలుగులో వేదన అంటే బాధ. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఆ మాటకు అర్థం వేరు. సుఖమైనా, దుఃఖమైనా, రెండూ కానిదైనా మనకు కలిగే అనుభూతి అంతా వేదనే. వేదన నుంచి తృష్ణ పుడుతుందని బుద్ధుడు చెప్పాడు. హాయిగా ఉంటే ఇంకా కావాలంటాం, నొప్పిగా ఉంటే వదిలించుకోవాలంటాం. కాబట్టి ‘వాడు నన్ను మోసం చేశాడు’ అనే కథ మొదలవకముందే, ఛాతీలో ఏమవుతోంది, దవడ బిగుసుకుందా, అరచేతులు వేడెక్కాయా అని చూడండి. తగ్గించాలని చూడకండి, ఎంతసేపు ఉంటుందో చూడండి చాలు. బాణం తగిలినవాడికి రెండో బాణం కూడా తగిలినట్టు అనే ఉపమానం మీరు చదివే ఉంటారు. దగా మొదటి బాణం. రాత్రి మూడింటికి మీరు మనసులో నడిపే పంచాయితీ రెండోది. మీకు మూడోది కూడా ఉంది: ‘ఇంత చదివి కూడా నాకు కోపం పోలేదే’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం. ముందు దాన్ని పీకేయండి.

మోసాన్ని ఒప్పుకున్నట్టవుతుందా అని అడిగారు. ఇక్కడ నాకు అమరావతి శిల్పం గుర్తొస్తుంది. మీ ప్రాంతంలో పుట్టిన శిల్పమే, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుండ్రని ఫలకంలో ఒకవైపు నలగిరి అనే ఏనుగు రాజగృహ నగర వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తుంటుంది. మేడల మీంచి జనం భయంతో చూస్తుంటారు. మరోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ఆ ఏనుగును ఉసిగొల్పింది బయటివాడు కాదు, దేవదత్తుడు. బుద్ధుడికి దాయాది. బుద్ధుడు మైత్రితో ఏనుగును లొంగదీశాడన్నంత వరకే మనం చెప్పుకుంటాం. అంతకుముందు జరిగింది కూడా భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. దేవదత్తుడు భిక్షు సంఘ నాయకత్వం తనకివ్వమని అడిగితే బుద్ధుడు ఇవ్వలేదు. పైగా, ఇకమీదట అతను చేసే పనులకూ, చెప్పే మాటలకూ బుద్ధుడికీ ధర్మానికీ సంఘానికీ సంబంధం లేదని, అవి అతనివేనని రాజగృహంలో బహిరంగంగా ప్రకటన చేయించాడు. మైత్రి ఉంది, కాదన్న మాటా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి.

ఉపేక్ష అనే మాట దగ్గర చాలామంది తడబడతారు. మన వాడుకలో ఉపేక్షించడమంటే పట్టించుకోకుండా వదిలేయడం. బౌద్ధంలో ఉపేక్ష అంటే తూకం చెడని మనసు. ఏమీ పట్టనితనాన్ని బుద్ధఘోషుడు ఉపేక్షకు దగ్గరి శత్రువు అన్నాడు, చూడటానికి అలాగే ఉండి మోసం చేస్తుంది కనుక. మీకు రావలసిన డబ్బు మీరు అడగవచ్చు. కాగితాలు తీసుకుని ఈ వారమే ఒక లాయర్‌ను కలవండి. దావాలకు చట్టంలో గడువులుంటాయి, ఆరేళ్లు ఇప్పటికే గడిచాయి. దావా వేయాలా, పెద్దమనుషుల్లో కూర్చోవాలా అన్నది తర్వాత మీ ఇష్టం. కానీ ఆ పని పగటిపూట, కాగితాల ముందు చేయండి. నిద్ర సంగతి డాక్టర్‌కు చెప్పండి, బీపీ చూపించుకోండి. దాన్ని ధ్యానం మీదే వదిలేయకండి.

పెళ్లికి వెళ్లండి. ఆ పిల్ల మిమ్మల్ని పెదనాన్న అని పిలిచింది. అన్నదమ్ముల పిల్లల్ని సొంత పిల్లల్లాగే చూసే ఇళ్లు మనవి. సంతకాల నాడు ఆమె వయసు పద్దెనిమిది కూడా లేదని మీరే రాశారు. అక్షింతలు వేయడం ఆమెకు, లెక్క తేల్చుకోవడం తమ్ముడితో. ఒకటి చేస్తే రెండోది మాఫీ అయిపోదు. తమ్ముణ్ణి కౌగిలించుకోవలసిన పని లేదు. ఎదురుపడితే ‘బాగున్నావా’ అంటే చాలు. అతనే ఇంటి మాట ఎత్తితే ‘ఈ రోజు వద్దు, పదహారు రోజుల పండగ అయ్యాక మాట్లాడదాం’ అనండి. ఈ వాక్యం ఇంటి దగ్గరే నాలుగుసార్లు పైకి అనుకుని వెళ్లండి. అక్కడ మాటలు వెతుక్కోవద్దు.

బంధువుల్లో ఎవరో ఒకరు మీ ఇద్దరి చేతులూ పట్టుకుని అందరి ముందు కలపాలని చూస్తారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ మీరు దానికి సిద్ధంగా లేరు. మీ శ్రీమతికి ముందే చెప్పి ఉంచండి, ఆ సమయానికి అమ్మగారికి మందుల వేళయిందని మిమ్మల్ని పక్కకు పిలుస్తారు.

ముహూర్తం తెల్లవారుజామున అని రాశారు. ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరండి. కారులో అమ్మగారి పక్కన మీరు కూర్చోండి. ఆ పడక కుర్చీ నాన్నగారు ఎక్కడ చేయించారో, ఏ కర్రతో చేశారో అడగండి. ఆమెకు గుర్తుండే ఉంటుంది.