యూదు అధ్యయనాలు చదవాలంటే యూదులే అయి ఉండాలా?

అవసరం లేదు. ఇది మత శిక్షణ కాదు. చరిత్ర, సాహిత్యం, భాషలు కలిసిన విద్యాశాఖ. 1819లో బెర్లిన్‌లో కొందరు యూదు యువకులు తమ గతాన్ని శాస్త్రీయంగా పరిశీలించడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. బీజం అక్కడ పడింది.

అసలు కష్టం భాషలతోనే. హీబ్రూ ఒక్కటే చాలదు. తూర్పు ఐరోపా యూదుల సాహిత్యానికి యిడ్డిష్ కావాలి: లిపి హీబ్రూది, వ్యాకరణం జర్మన్‌కు దగ్గర. మధ్యయుగాల యూదు వర్తకుల ఉత్తరాలకైతే హీబ్రూ లిపిలో రాసిన అరబ్బీ రావాలి. కైరోలో ఒక ప్రార్థనామందిరపు గదిలో దొరికిన అలాంటి కాగితాల్లో, 12వ శతాబ్దంలో మన మంగళూరులో ఉండి వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యిజు లేఖలూ ఉన్నాయి! నన్నడిగితే మొదటి ఏడాదే ఒక భాష పట్టుకోండి. అనువాదాలతో డిగ్రీ గట్టెక్కవచ్చు గానీ పరిశోధన సాగదు.