సమాధానం: గడ్డ మొత్తం తీసేశాక మళ్లీ కీమో ఎందుకు?

ఊపిరితిత్తి క్యాన్సర్‌కి మీ నాన్నగారికి ఆపరేషన్ అయ్యాక కూడా డాక్టర్లు కీమో అంటున్నారని అడిగారు. కారణం చాలావరకు లింఫ్ గ్రంథులే. గడ్డ 3 సెంటీమీటర్లే, అంచులు క్లియర్ (తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు), అయినా కీమో ఎందుకని అడిగారు కదా, మీరు పెట్టిన రిపోర్ట్‌లోనే "టీ1సీ, ఎన్1" అని ఉంది. టీ1సీ అనేది గడ్డ సైజు. ఎన్1 అంటే గడ్డ ఉన్న వైపే ఊపిరితిత్తి గ్రంథుల్లోకి క్యాన్సర్ కణాలు చేరాయని. అక్కడితో అది రెండో స్టేజ్. సర్జన్ "అంతా తీసేశాం" అన్నది అబద్ధం కాదు, కానీ స్కాన్‌కి కనిపించని కణాలు మిగిలే అవకాశం ఉంది కాబట్టే కీమో.

చాలామంది వదిలేసేది ఒకటుంది: కీమో మొదలయ్యేలోపే జన్యు పరీక్ష. మీ నాన్నగారిది అడినోకార్సినోమా (ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఒక రకం) కాబట్టి ఇది తప్పనిసరి.

1. ఆపరేషన్‌లో తీసిన ముక్క, అంటే పారఫిన్ బ్లాక్, ల్యాబ్‌లోనే ఉంటుంది. మళ్లీ బయాప్సీ అక్కర్లేదు, దాని మీదే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే (ఈ రెండూ క్యాన్సర్ కణాల్లో మార్పు వచ్చే జన్యువులు), వాటితో పాటు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ పరీక్ష చేయించమనండి.

2. ఈజీఎఫ్ఆర్‌లో సరిపడే మార్పు ఉంటే కీమో తర్వాత ఒసిమెర్టినిబ్ మాత్ర 3 ఏళ్లు ఇస్తారు. ఏఎల్‌కేలో మార్పు ఉంటే కీమో బదులే అలెక్టినిబ్ మాత్ర, 2 ఏళ్లు. ఈ రెండూ లేకపోతేనే ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్స) మాట, అందుకే రిజల్ట్ రాకుండా ఇమ్యునోథెరపీ మొదలుపెట్టనివ్వకండి.

3. రిపోర్ట్‌లో ఎన్ని గ్రంథులు చూశారో కూడా చదవండి. ఛాతీ మధ్యభాగం నుంచి కనీసం మూడు చోట్లవి ఉండాలి, లేకపోతే స్టేజ్ తక్కువగా అంచనా వేసి ఉండొచ్చు.

సిగరెట్ ఇంకా మానకపోతే ఇవాళే మాన్పించండి, "ఇప్పుడు మానేసి ఏం లాభం" అనేవాళ్ల మాట వినకండి, లాభం ఉంది.