కొండవీడు దగ్గర మిరప చేనులో బయటపడిన చెవుల ఇనుప గొట్టం ఏమిటి?

మీ ఫొటోలలో ఉన్నది ఫిరంగి ముక్క కాదు. అది ఎద్దుల బండి చక్రం నడుమ ఉండే చెక్క కుండలో బిగించే పోత ఇనుప గొట్టం. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే బుష్షు. ఇరుసు మొన దీనిలో నుంచి దూరి అవతలికి వస్తుంది, అక్కడ చక్రం ఊడిపోకుండా కడసీల అనే ఇనుప మేకు వేస్తారు, చక్రం ఈ గొట్టంతో సహా ఇరుసు చుట్టూ తిరుగుతుంది.

కొండవీడు కోటకు దగ్గరలోని మిరప చేనును ట్రాక్టరుతో లోతుగా దున్నిస్తుండగా ఇది పైకి వచ్చిందని, జానెడుకు మించిన పొడవుందని, ఒక కొన వెడల్పుగాను మరో కొన సన్నగాను ఉండి రెండు వైపులా తెరిచే ఉందని, బయట ఎదురెదురుగా రెండు చెవులున్నాయని, తూకం మూడున్నర కిలోల దాకా వచ్చిందని మీరు రాశారు. ఊరివాళ్ళు కోట ఫిరంగి అంటున్నారని, ఎవరో ఫోను చేసి ఇందులో ఇరీడియం అనే ఖరీదైన లోహం ఉన్నదేమో పరీక్షిస్తామంటున్నారని, ప్రభుత్వానికి అప్పగించాలో వద్దో తెలియడం లేదని కూడా రాశారు. ఒక్కొక్కటిగా చెబుతాను.

మా తాతగారిది, అంటే మా అమ్మగారి నాన్నగారిది, బండి చక్రాలు చేసే వడ్రంగం. నా ఉద్యోగమంతా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పోత విభాగంలోనే గడిచింది. అందువల్ల ఈ గొట్టాన్ని చెక్క వైపు నుంచీ, ఇనుము వైపు నుంచీ కూడా చూసినవాడిని. నల్లతుమ్మ మొద్దును కుండగా చెక్కి, నడుమ బెజ్జం తొలిచి, గొట్టాన్ని వెడల్పు మూతి బండి వైపు ఉండేలా సమ్మెట దెబ్బలతో లోపలికి దించేవారు. చెవులు కూర్చోవడానికి బెజ్జం అంచున రెండు గాళ్ళు ముందే తీసి ఉంచేవారు. ఆ చెవులే లేకపోతే కొన్నాళ్ళకు గొట్టం చెక్కలో వదులై తనంతట తాను తిరగడం మొదలుపెట్టి కుండనే తొలిచివేస్తుంది. దించిన తరువాత ఎక్కడైనా సందు మిగిలితే చెక్క చీలికలు కొట్టి బిగించేవారు. మీ రెండవ ఫొటోలో ఒక చెవి మొదట్లో తుప్పుతో కలిసి గట్టిపడిన సన్నని నార లాంటిది కనిపిస్తున్నది. అది వేరు కాదు, నాటి చెక్క అవశేషమని నా అంచనా. దానిని గీకి పారేయకండి.

నేల నుంచి వచ్చిన ఇనుప వస్తువును గుర్తుపట్టాలంటే ఆకారం కంటే ముందు అది ఎక్కడ అరిగిందో చూడాలి. ఆకారాలు ఒకదానిని మరొకటి పోలి ఉంటాయి, అరుగుదల మాత్రం ఆ వస్తువు చేసిన పనిని పట్టి ఇస్తుంది. మీ గొట్టంలో టార్చి లైటు వేసి చూడండి. లోపలి గోడ బయటి గోడ కంటే స్పష్టంగా నునుపుగా ఉంటుంది. వేలు పెట్టి చుట్టూ తిప్పితే గీతలు అడ్డంగా, అంటే గొట్టం చుట్టుకొలత వెంట తగులుతాయే తప్ప పొడవునా తగలవు. ఎద్దుల బండిలో ఇరుసు కదలదు, చక్రమే తిరుగుతుంది. బరువంతా ఇరుసు అడుగు వైపునే మోపుతుంది కనుక పాత ఇరుసులను తీసి చూస్తే కింది వైపు మాత్రమే పల్లంగా అరిగి ఉంటాయి. దాని చుట్టూ తిరిగే గొట్టానికి ఆ ఒరిపిడి వంతులవారీగా అన్ని వైపులా తగలడం వల్ల అది సమంగా అరుగుతుంది. వెడల్పు మూతి అంచు కొంచెం లోపలికి వాలి ఉండడం కూడా మీ ఫొటోలో కనిపిస్తున్నది. గతుకుల బాటలో, గట్టు ఎక్కి దిగేటప్పుడు చక్రం పక్కకు ఊగుతుంది, ఆ ఊగులో మొదట దెబ్బ తినేది ఆ అంచే. సన్నని కొన అంచు మాత్రం బల్లపరుపుగా నున్నబడి ఉన్నది. కడసీలకూ చక్రానికీ మధ్య వేసే ఇనుప బిళ్ళ ఒరుసుకున్న చోటది.

మీరు తారు అనుకున్న నల్లని పదార్థం కందెన. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసుకునేవారు. ప్రయాణానికి ముందు కడసీల లాగి, చక్రాన్ని కొంచెం బయటికి జరిపి, ఇరుసుకు పూసేవారు. కర్రపుల్లతో గీకి చూడండి. పొడిపొడిగా రాలితే తుప్పు, ముద్దగా పుల్లకు చుట్టుకుంటే కందెన. రేగడి నేలలో గాలి అందని చోట పడి ఉంటే అది చాలా కాలం నిలుస్తుంది.

ఇక ఫిరంగి సంగతి. ఊరివాళ్ళ ఊహకు ఆధారం లేకపోలేదు. కొండవీడు రెడ్డిరాజుల కోట, 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని పట్టుకున్నాడు, ఆ తరువాత గోల్కొండ సుల్తానుల చేతికి వెళ్ళింది. అటువంటి చోట నేలలో యుద్ధ సామగ్రి దొరకడం వింత కాదు. కాని ఫిరంగి ఎంత చిన్నదైనా వెనుక కొన మూసి ఉండవలసిందే, లేకపోతే మందు వెనక్కే పేలుతుంది. మూసిన కొనకు దగ్గరలో నిప్పు అందించే సన్నని రంజకపు రంధ్రం ఉంటుంది. మీ దానికి ఈ రెండూ లేవు. చెవులు చూసి ఫిరంగి అనుకున్నవాళ్ళు ఒక తేడా గమనించాలి. ఫిరంగిని బండి మీద ఆనించడానికి ఇరుపక్కలా ఉండే పొడుచుకు వచ్చిన మొలలు గుండ్రని కడ్డీ ముక్కలుగా, ఇంచుమించు గొట్టం నడిమి భాగంలో ఉంటాయి. మీ గొట్టపు చెవులు బల్లపరుపు రెక్కలు, పొడవు వెంబడి సాగి వెడల్పు మూతి దగ్గర ఆగాయి. బరువు మోసే చెవికీ, తిరగకుండా పట్టుకునే చెవికీ ఆకారం ఒకటి కాదు. ఇవే గొట్టాలు అమెరికాలోనూ యూరప్‌లోనూ గుర్రపు బండ్ల చక్రాల నుంచి రాలి పొలాల్లో దొరుకుతుంటాయి, అక్కడి వాళ్ళు కూడా మొదట ఫిరంగి అనే అనుకుంటారు.

లోహం విషయానికి వస్తే, ఇది పోత ఇనుము. రెండు చెవుల మీదుగా పొడవునా వెళ్ళే సన్నని మిట్ట గీత అచ్చు రెండు భాగాలూ కలిసిన చోటు. సాగగొట్టి చేసిన వస్తువుకు అటువంటి గీత రాదు. మరో పరీక్ష కావాలంటే విరిగిన అంచు మీద మాత్రమే ఆకురాయితో రెండు సార్లు రాయండి. పోత ఇనుము నల్లని పొడిగా రాలి వేళ్ళకు పెన్సిలు గీతలా అంటుకుంటుంది, అందులోని గ్రాఫైటే దానికి కారణం. కొలిమిలో కాల్చి సాగగొట్టిన ఇనుమైతే మెరిసే సన్నని రజను వస్తుంది. నేలలో నానినప్పుడు అది పొరలు పొరలుగా లేస్తుంది కూడా. మన పాత కొలుములలో ఇనుప రాయి కరిగి ధారగా పారేది కాదు. మెత్తని ముద్దగా దిగేది, దానిని కొట్టి చిట్టెం అనే మలినాన్ని వదిలించి పనిముట్లు చేసేవారు. ఇనుమును నీళ్ళలా కరిగించి అచ్చులో పోయడం ఈ దేశంలో పెద్ద ఎత్తున సాగింది పంతొమ్మిదవ శతాబ్దంలో. జంషెడ్‌పూర్ కొలిమి నుంచి మొదటి ఇనుము వచ్చింది 1911లో. అయితే ఇంగ్లీషువారు 1611 నాటికే మచిలీపట్నంలో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టారు కనుక ఓడల మీద పోత ఇనుప ఫిరంగులు ఇక్కడికి రాలేదని చెప్పలేము. అందుచేత పోత ఇనుము అన్న ఒక్క కారణంతో నేను ఫిరంగిని కొట్టివేయడం లేదు. తెరిచిన కొనలు, రెక్క చెవులు, అడ్డ గీతలు, కందెన అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి కనుక అంటున్నాను. దీని వయస్సు నూరేళ్ళకు అటూ ఇటూ ఉండవచ్చు. అంతకంటే కచ్చితంగా ఫొటో చూసి ఎవరైనా చెబితే నమ్మకండి.

చేనులో దొరికింది కనుక ఆ చేనులోనే బండి విరిగిందని కూడా అనుకోనక్కరలేదు. మన పొలాల్లోని మట్టి చాలావరకు బయటి నుంచి తోలిన మట్టి. ఊరి పెంటకుప్పలో పడిన ఇనుప ముక్క ఎరువుతో పాటు చేనుకు చేరుతుంది. పూర్వపు ఊరు పాడుబడిన దిబ్బల నుంచి పాటిమన్ను తవ్వి పొలాలకు తోలడం మన జిల్లాలలో తరతరాల అలవాటు, పాత నాణేలు, పూసలు, కుండ పెంకులు చేలలోకి వచ్చిన దారులలో అదొకటి. చెరువు పూడిక మట్టి కూడా అంతే. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద తీసిన పూడిక ఎన్ని చేలకు చేరిందో అందరికీ తెలిసినదే. మీ నాన్నగారినో, పాత కౌలుదారులనో అడిగి ఆ చేనుకు ఎక్కడి మట్టి తోలారో తెలుసుకోండి. దొరికిన స్థలం కంటే ఆ సమాధానమే ఎక్కువ చెబుతుంది. నా మటుకు, ఈ వివరం లేని ఏ ఫొటోనైనా సగం ప్రశ్నగానే భావిస్తాను.

దొరికిన చోట చుట్టూ ఇంకొంచెం వెతకండి. కుండ పగలకుండా రెండు కొనలకూ తొడిగే ఇనుప కట్లు, గుండుసూదిలా తల బలిసిన కడసీల, చక్రపు చుట్టుకొయ్యలైన పూటీల మీది వెడల్పాటి ఇనుప పట్టా ముక్కలు కనిపిస్తే సందేహం పూర్తిగా తీరిపోతుంది. పట్టా ఎక్కువ బరువు కనుక దానిని పాత ఇనుప సామాన్లవాడు ఏనాడో కొనుక్కుపోయి ఉంటాడు, చెక్కను చెదలు తినేసి ఉంటాయి. ఎవరికీ అక్కరలేక మిగిలేది ఈ గొట్టమే. టైరు బండ్లు వచ్చిన తరువాత పుట్టినవాళ్ళు దీనిని పోల్చుకోలేకపోవడం సహజమే. చంద్రవంక ఆకారంలో మేకు బెజ్జాలున్న చిన్న రేకులు దొరికితే అవి ఎద్దుల లాడాలు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక అరముక్కలుగా ఉంటాయి. వాటిని కూడా ఆభరణాలని, తాళాలని పంపి అడిగేవారున్నారు. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. రెండు కొనలూ మూసుకుని, మొన తేలి, ఒంటి చుట్టూ రాగి పట్టీ ఉన్న బరువైన ఇనుప వస్తువు ఎప్పుడైనా కనిపిస్తే దానిని కదిలించవద్దు, కడగవద్దు. అది పేలని ఫిరంగి గుండు కావచ్చు. దూరంగా నిలబడి పోలీసులకు ఫోను చేయండి.

ఇరీడియం పేరుతో ఫోను చేసిన వ్యక్తితో మాటలు ఇంతటితో ఆపండి. పిడుగు పడిన పాత పాత్రలో ఇరీడియం చేరి అది బియ్యపు గింజలను లాగుతుందని, దానికి విదేశాల్లో కోట్లు ఇస్తారని చెప్పి, పరీక్ష ఫీజు, కెమికల్ ఖర్చు అంటూ విడతలవారీగా డబ్బు గుంజే రైస్ పుల్లింగ్ మోసం ఇది. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ ఇటువంటి ముఠాలను పట్టుకున్నారు. బియ్యాన్ని లాగే లోహం లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, పాత్రలో అయస్కాంతం దాచి చూపిస్తారు. మా బంధువొకరు ఒక రాగి చెంబు విషయంలో ఇటువంటివారికే అరెకరం అమ్మిన డబ్బు ధారపోశారు. చెంబు ఇప్పటికీ ఆయన ఇంట్లోనే ఉన్నది, అది రాగి చెంబే.

ప్రభుత్వానికి తెలపాలా అని అడిగారు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న విలువైనది ఏదైనా నిక్షేపమే, దాని విలువ పది రూపాయలు మించితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పది రూపాయలన్న అంకె విని నవ్వు వస్తుంది గాని చట్టంలో ఉన్నది అదే. పారేసిన బండి సామానును నిక్షేపమని ఎవరూ అనరని నా అభిప్రాయం, అయినా మనస్సులో శంక ఉంటే తహసీల్దారు కార్యాలయంలో ఫొటోతో ఒక కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు అదే చేనులో నాణేలో, రాగి రేకులో, విగ్రహమో బయటపడితే మాత్రం ఆలోచించవలసిన పని లేదు, వెంటనే తెలపాలి. వేరే యజమాని ఎవరూ తేలక, దొరికినవారికీ భూమి గలవారికీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు భూమి గలవారికి చెందుతుందని ఆ చట్టమే చెబుతున్నది. ప్రభుత్వం తానే ఉంచుకోదలిస్తే లోహం విలువకు అయిదవ వంతు కలిపి చెల్లిస్తుంది. ట్రాక్టరు మీది కాక, నడిపినవాడు వేరే మనిషైతే ఈ లెక్క అప్పుడు పనికి వస్తుంది.

గొట్టాన్ని ఉంచుకోదలిస్తే యాసిడ్‌తో గాని చింతపండుతో గాని తోమకండి. మంచినీళ్ళలో మెత్తని కుంచెతో మట్టి వదిలించి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, పలుచగా నూనె పూస్తే చాలు. పాత ఇనుముగా అమ్మితే తూకం ధర తప్ప మరేమీ రాదు. నాకు మాత్రం రెండు కొలతలు కావాలి. వెడల్పు మూతి లోపలి అడ్డకొలత, సన్నని మూతి లోపలి అడ్డకొలత అంగుళాలలో కొలిచి రాయండి. వాటిని బట్టి అది ఒంటెద్దు బండిదా, ధాన్యం తోలే జోడెడ్ల పెద్ద బండిదా అన్నది చెప్పడానికి ప్రయత్నిస్తాను.