‘విరేచనాల మందు’ ఆపేదా, అయ్యేదా?

సందేహం: అమ్మకు ఐబీఎస్ (పేగుల కదలిక గాడితప్పే జబ్బు). కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు నీళ్ల విరేచనాలు. డాక్టరుగారు లోపెరమైడ్ గుళికలు, పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి, మెబెవరిన్ బిళ్లలు రాశారు. అమ్మకు తెలుగు చదవడమే వచ్చు కనుక డబ్బాలకు చీటీలు అంటించాలి. మొదటి రెంటినీ ఇంట్లో ‘విరేచనాల మందు’ అనే అంటున్నాం. అది ఏ మందుకు సరిపోతుంది? ‘విరోచనాలు’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: లోపెరమైడ్ విరేచనాలను ఆపేది, పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి అయ్యేలా చేసేది. ‘విరేచనాల మందు’ రెంటికీ సరిపోతుంది, చిక్కంతా అదే. సమాసంలో విభక్తి లోపించాక పూర్వపదానికీ మందుకూ ఉన్న సంబంధాన్ని మనమే ఊహించుకోవాలి. దగ్గుమందు దగ్గును తగ్గిస్తుంది, నిద్రమందు నిద్ర తెప్పిస్తుంది, ఎలుకలమందు ఎలుకలను చంపుతుంది. వాడుక తెలుసు కనుక వీటిలో తడబడం. ‘విరేచనాలకు మందు’ అని విడదీసినా ప్రయోజనం లేదు. కొలనోస్కోపీకి (పెద్దపేగును గొట్టంతో లోపల చూసే పరీక్షకు) ముందు పేగు ఖాళీ కావడానికి ఇచ్చేదాన్నీ అలాగే అంటాం. పైగా మీ ఊళ్లో తమిళులు ‘పేది మరుందు’ అంటే అది కడుపు జాడించేదే.

తెలుగులో వచనభేదం ఇక్కడ బాగా పనికొస్తుంది. ‘విరేచనం అయిందా?’ అంటే రోజూ అయ్యేదే, ‘విరేచనాలు అవుతున్నాయా?’ అంటే జబ్బు. కాబట్టి లోపెరమైడ్‌కు ‘విరేచనాలు కట్టే మందు’ అనీ, పొడికి ‘విరేచనం సాఫీగా అయ్యే పొడి, నీళ్లలో కలిపి’ అనీ రాయండి. తారుమారైతే బిగిసిన మలం మరింత బిగుస్తుంది, లేదా పలచన విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంది. మొదటి చీటీ మీద ‘జ్వరం, రక్తం ఉంటే వద్దు, డాక్టరుకు చెప్పాలి’ అని ఎర్రసిరాతో చేర్చండి.

మెబెవరిన్ కట్టేదీ కాదు, అయ్యేలా చేసేదీ కాదు. పేగు కండరం పట్టేయడాన్ని సడలిస్తుంది. ‘కడుపులో మెలిపెట్టే నొప్పికి’ అంటే చాలు. 135 మి.గ్రా. బిళ్లను మామూలుగా రోజుకు మూడుసార్లు, తిండికి 20 నిమిషాల ముందు వేసుకోమంటారు, 200 మి.గ్రా. రకమైతే రెండుసార్లే, నమలకూడదు. చీటీ మీద ‘పరగడుపున’ అని మాత్రం రాయకండి. పరగడుపు పొద్దున ఒక్కసారే ఉంటుంది, మిగతా పూటల బిళ్లలు డబ్బాలోనే మిగులుతాయి. ‘తినేముందు’ అని రాసి, డాక్టరుగారు చెప్పిన వేళలు వేయండి.

ఇక ‘విరోచనాలు’. విరేచనంలోని ధాతువు ‘రిచ్’, ఖాళీ చేయడం. విరోచనుడు ప్రహ్లాదుడి కొడుకు, ఆ పేరులోది ‘రుచ్’, వెలగడం. నోటిమాటలో ఎవరూ తప్పుపట్టరు గానీ చీటీ మీద ‘రే’ రాయండి.