కుక్క వయసు రాశారు, నాయిన వయసు రాయలేదు

ప్రశ్న: నా వయసు 36. వనపర్తి జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా ఇంట్లో టామీ అని ఏడేళ్ల కుక్క ఉంది. 2023 వరల్డ్ కప్‌లో ఇండియా వరసగా గెలిచిన పది మ్యాచ్‌లప్పుడూ అది టీవీ గది గడప మీదే పడుకుంది. ఫైనల్ రోజు మా నాయిన, కార్తీక మాసంలో కుక్క ఇంట్లో తిరగొద్దని దాన్ని కొట్టంలో కట్టేశాడు. ఇండియా ఓడిపోయింది. కోపంలో దోస్తుల ముందర ఆయన్ను ఒక మాట అన్నాను. అప్పటి నుంచి ఆయన కొట్టంలోనే ఉంటున్నాడు, తిండి కూడా అక్కడే. రెండేళ్లు కావస్తోంది. నాకైతే టామీ మీద నమ్మకం పోలేదు. నా భార్య ఇది పిచ్చి అంటోంది, హైదరాబాద్‌లో సైకాలజిస్టుకు చూపిద్దామంటోంది. ఇది నిజంగా జబ్బేనా? 2027 వరల్డ్ కప్ నాటికి టామీ ఉంటుందో లేదోనని కూడా టెన్షన్‌గా ఉంది. (ఉత్తరం చాలా పెద్దది. కుదించాం. పేరు వద్దన్నారు.)

జవాబు: మీరు అడిగింది ముందు తేల్చేస్తాను. ఇది జబ్బు కాదు. కుక్క గడప మీద పడుకుంటే ఇండియా గెలుస్తుందని నమ్మినందుకు ఎవరూ హైదరాబాద్ దాకా పోయి ఫీజు కట్టనక్కర్లేదు. టెండూల్కర్ ఎడమ కాలి ప్యాడే ముందు కట్టుకునేవాడు. మొహిందర్ అమర్‌నాథ్ ఎర్ర రుమాలు దగ్గర పెట్టుకుని ఆడేవాడు. అంతటి ఆటగాళ్లకే ఉన్నప్పుడు, దుకాణం షట్టర్ దించి వచ్చి టీవీ ముందు కూర్చునే మీకు ఉంటే వింతేముంది? కాకపోతే అమర్‌నాథ్ తొందరగా అవుటైన రోజు, ఆ రుమాలు ఉతికిన వాళ్ల మీద విరుచుకుపడ్డాడని నేనెక్కడా వినలేదు.

ఇట్లాంటి నమ్మకాలు ఎట్లా పుడతాయో కూడా కొత్త సంగతేమీ కాదు. 1948లో స్కిన్నర్ అనే అమెరికా సైకాలజిస్టు ఆకలి మీదున్న పావురాలను పెట్టెల్లో ఉంచి, అవి ఏం చేసినా చేయకపోయినా కొన్ని సెకన్లకోసారి మేత అందేట్టు చేశాడు. మేత వచ్చిన క్షణంలో ఏ పావురం ఏం చేస్తూ ఉందో, అది మళ్లీ మళ్లీ అదే చేయడం మొదలుపెట్టింది. ఒకటి గుండ్రంగా తిరిగింది. ఇంకొకటి పెట్టె పైమూలలోకి తల పొడిచింది. ఎనిమిదింటిలో ఆరు ఇట్లాగే తయారయ్యాయి. పది మ్యాచ్‌లు వరసగా గెలిస్తే మన సంగతీ అంతే. కష్టపడింది రోహిత్, కోహ్లీ, షమీ, పేరు టామీకి.

సరే, ఆ ఫైనల్‌కే వద్దాం. 2023 నవంబర్ 19, అహ్మదాబాద్. మనవాళ్లు 240కి ఆలౌట్. రాహుల్ 107 బంతులు ఆడి 66 చేశాడు, అందులో ఫోరు ఒక్కటే. అవతల ఆస్ట్రేలియా ఓపెనర్ ట్రావిస్ హెడ్ 137 కొడితే వాళ్లు 43 ఓవర్లలోనే పని ముగించారు. ఇందులో మీ నాయిన చేతిలో ఉన్నదేమిటో నాకు కనపడలేదు. తర్వాతి సంగతులు మీరే రాశారు. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ ట్వంటీ వరల్డ్ కప్ ఫైనల్ దక్షిణాఫ్రికా మీద ఏడు పరుగులతో గెలిచిన రాత్రి టామీ గడప మీద లేదు, కొట్టంలో మీ నాయిన మంచం కింద ఉంది. 2025 మార్చి 9న దుబాయ్‌లో న్యూజిలాండ్ మీద చాంపియన్స్ ట్రోఫీ గెలిచిన రోజూ అక్కడే. దానికి మీ వివరణ ఏమిటంటే, మొదటిది టీ ట్వంటీ కాబట్టి లెక్కలోకి రాదు, రెండోది దుబాయ్ కాబట్టి వేరు. చదివి గట్టిగా నవ్వాను, ఏమీ అనుకోవద్దు.

ఇంత తెలివిగా వాదించగల మనిషికి టామీ సంగతి తెలియదంటే నేను నమ్మను. తెలుసు. తెలిసీ వదలడం లేదు. ఎందుకంటే టామీ లెక్క తప్పయితే, ఆ రోజు మీరు అన్న మాటకు నిలబడటానికి జాగా ఉండదు. కుక్కను కట్టేసినందుకే ఓడిపోయాం అన్నంత సేపే మీ కోపానికి న్యాయం. అందుకే రెండేళ్లుగా ఆ నమ్మకాన్ని కాపాడుకుంటూ వస్తున్నారు.

ఆ మాట ఏమిటో చివరి పేజీలో ఒకటిన్నర లైన్లో రాశారు. "నువ్వు ఇంట్ల ఉంటే మాకు ఏదీ కలిసిరాదు." ముందర ఉడకబెట్టిన పల్లికాయ గిన్నె, చుట్టూ ఐదుగురు దోస్తులు, బయట రోడ్డు మీద ఎన్నికల ప్రచారం మైకులు. మీ నాయిన ఏమీ అనలేదు. లేచి, టవల్ దులిపి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెనక్కి పోయాడు. టవల్ దులపడం కూడా రాశారంటే అది మీ కళ్ల ముందు నుంచి ఇంకా పోలేదు.

ఎవరితో అన్నారో చూసుకున్నారా? మీకు మూడేళ్లున్నప్పుడు ఆయన బొంబాయి పోయాడు. మొదట కూలీ, తర్వాత మేస్త్రీ. దసరాకు ఓసారి, ఉగాదికి ఓసారి వచ్చి పోయేవాడు. మిమ్మల్ని నాయనమ్మ పెంచింది. పాలమూరులో ఆ తరంలో అది ఇంటింటి కథ. వాన రాకపోయినా బొంబాయి బస్సు మాత్రం వచ్చేది. ఇరవై ఏళ్లు సొంతింట్లో లేకుండా బతికాడు ఆయన. ఆయన లేకపోబట్టే స్లాబు పడింది, మీ డిగ్రీ అయింది, దుకాణానికి పెట్టుబడి వచ్చింది. మోకాళ్లు అరిగిపోయాక, ఇక చాలు, మిగిలిన నాలుగు రోజులు ఇంట్లో ఉందామని వస్తే, నువ్వు ఇంట్లో ఉంటే కలిసిరాదని సొంత కొడుకు అన్నాడు. తిట్టు తిడితే మరిచిపోయేవాడేమో. ఇది తిట్టు కూడా కాదు కదా.

2003లో వరల్డ్ కప్ కోసమని ఆయన బొంబాయి నుంచి కలర్ టీవీ తెచ్చిన సంగతి మీరే రాశారు. ఆ ఫైనల్ కూడా ఆస్ట్రేలియాతోనే, జోహానెస్‌బర్గ్‌లో. పాంటింగ్ 140 కొట్టాడు, 125 పరుగుల తేడాతో ఓడిపోయాం. మీరు ఏడ్చి అన్నం ముట్టకపోతే ఆయన బస్టాండు దాకా నడిపించుకుపోయి మిరపకాయ బజ్జీలు ఇప్పించాడు. ఆ రోజూ ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు టామీ పుట్టనే లేదు. ఎవరిననాలో మీకు తోచలేదు, ఎవరినీ అనలేదు.

నాకు ఈ కలిసిరావడం, కలిసిరాకపోవడం మాటలంటే ఒళ్లు మంట. మన ఇళ్లలో అవి ఎప్పుడూ నోరులేని వాళ్ల మీదే పడతాయి. కోడలు వచ్చిన నెలలో బర్రె చచ్చిపోతే కోడలి పాదం మంచిది కాదు. మొగుడు పోయిన ఆడమనిషి ఎదురొస్తే పోయే పని కాదు. ఇప్పుడు మీ ఇంట్లో ఆ వరసలో సంపాదన ఆగిపోయిన తండ్రి చేరాడు. మీ భార్య దీన్ని పిచ్చి అంటోందంటే కుక్కను చూసి అంటోందని మీరు అనుకుంటున్నారు. నాకట్లా తోచడం లేదు. ఇవాళ మామకు అన్న మాట, రేపు దుకాణంలో నష్టం వస్తే తనకు అనరని ఆమెకేం భరోసా?

నాయిన మొండి అని రాశారు. మొండి మనిషి పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టిస్తాడు. లేదంటే మక్తల్‌లో ఉన్న మీ అక్క ఇంటికి పోయి కూర్చుని, చుట్టాలందరికీ తెలిసేట్టు చేస్తాడు. ఈయన రెండూ చేయలేదు. కలిసిరాదన్న ఇంట్లోకి రాలేదు, మిమ్మల్ని వదిలి పోనూ లేదు. మీ అమ్మ రెండు జొన్న రొట్టెలు, పప్పు పళ్లెంలో పెట్టి, ఇంకో పళ్లెం మూత వేసి, పొద్దునా రాత్రీ మోసుకుపోతోంది. ఆయన మొదటి ముక్క తుంచి టామీకి వేసి, అప్పుడు తింటున్నాడు. కట్టేసింది ఆయనే అయినా అది ఆయన దగ్గరే పడుకుంటోంది. ఇవన్నీ మీ ఉత్తరంలోవే, నేను కల్పించినవి కావు. కిటికీలోంచి చూస్తున్నారన్నమాట. చూస్తూ రెండేళ్లు గడిపారు!

కార్తీక మాసంలో కుక్క గడప దాటొద్దన్న ఆయన నియమం నాకూ పెద్దగా నచ్చదు. కానీ కురుమూర్తి జాతర రోజులవి. ఏటా ఉద్దాలకు, అంటే స్వామి పాదుకల ఉత్సవానికి, గుట్ట ఎక్కే మనిషి, ఆ నెలంతా తలస్నానం చేసి దీపం పెట్టుకునే మనిషి. ఒకే గడప మీద ఆయన నమ్మకం ఒకటి, మీది ఒకటి. ఇల్లు ఆయన కట్టింది. ఒక్క రోజు కుక్క కొట్టంలో ఉంటే మీరు సర్దుకుని ఉండాల్సింది.

ఇప్పుడు చేయాల్సింది వినండి. అమ్మతో కబురు పంపొద్దు. పిల్లవాణ్ణి తాతను పిలుచుకురమ్మని తోయొద్దు. కొత్త ధోవతి, టచ్ ఫోను కొనిచ్చి సరిపెట్టొద్దు. మీ వయసు మగవాళ్లకు నోటితో చెప్పాల్సిన చోట వస్తువు చేతిలో పెట్టడం అలవాటైపోయింది. ఇవాళ రాత్రి పళ్లెం మీరు తీసుకుపోండి. మంచం మీద కాదు, కింద కూర్చోండి. "నాయినా, ఆ రోజు దోస్తుల ముందర నిన్ను కలిసిరావన్న, అది అనగూడని మాట, తప్పు నాది" అని ఆ మాటే ఎత్తి చెప్పండి. "ఏమన్నా తప్పు చేసుంటే" అనే డొంకతిరుగుడు వద్దు. ఇప్పుడా యాదికొచ్చింది అని ఆయన నాలుగు అంటాడు. అననివ్వండి, ఒక్కదానికీ జవాబు చెప్పొద్దు. బొంబాయి సంగతులు ఎత్తితే అర్ధరాత్రి అయినా లేవొద్దు. ఏమీ మాట్లాడకపోతే ఖాళీ పళ్లెం తీసుకుని వచ్చేయండి, పొద్దున మళ్లీ మీరే పోండి.

దాంతో అయిపోదు. ఐదుగురి ముందర పోయిన మర్యాద ఎవరూ చూడని కొట్టంలో తిరిగి రాదని నా గట్టి నమ్మకం. మంచి మ్యాచ్ ఉన్న రోజు చూసి ఆ ఐదుగురినీ పిలవండి. ఆయన వచ్చినా రాకపోయినా, ఆ రోజు నేను అన్నది తప్పు అని వాళ్లకు ఆయన చెవిన పడేట్టు చెప్పండి. నామోషీగా ఉంటుంది, ఉండాలి కూడా. ఆయన్ను లోపలికి రమ్మని చేయి పట్టి లాగొద్దు. ఆయన కుర్చీ ఎక్కడ ఉండేదో అక్కడ వేసి ఉంచండి, అందులో ఇంకొకరిని కూర్చోనివ్వొద్దు. రావడం, రాకపోవడం ఆయన ఇష్టం.

ఒక అనుమానం అడగక తప్పదు. మ్యాచ్ పోయినందుకే అంత కోపమా, డబ్బు కూడా పోయిందా? మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్‌ను 2017లోనే నిషేధించారు. ఆగిందా లేదా అన్నది పొద్దంతా దుకాణంలో కూర్చునే మీకే బాగా తెలుసు. అదేమీ లేదంటే సంతోషం. ఉందంటే మాత్రం పైన జబ్బు కాదన్న మాట మీకు వర్తించదు. భార్యకు లెక్క మొత్తం చెప్పి, ఆమె అన్నట్టే సైకాలజిస్టు దగ్గరికి పోండి.

ఇక టామీ. మ్యాచ్ ఉందని దాన్ని గడప దగ్గరికి లాక్కొచ్చి కట్టేయొద్దు, ఎక్కడ పడుకుంటే అక్కడ పడుకోనివ్వండి. 2027 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాలో కప్పు మొదలయ్యే నాటికి దానికి తొమ్మిదేళ్లు. సరిగ్గా చూసుకుంటే నాటు కుక్కకు అదేమంత వయసు కాదు. మరి మీ నాయినకు అప్పటికి ఎన్నేళ్లు? కుక్క వయసు రాశారు, కొడుక్కు ఎనిమిదేళ్లని రాశారు, దుకాణం పెట్టి ఎన్నేళ్లయిందో కూడా రాశారు, ఆయన వయసు ఎక్కడా లేదు. మీ అమ్మను అడిగి తెలుసుకోండి. రేబిస్ టీకా సంగతీ రాయలేదు. ఇంట్లో చిన్నపిల్లవాడున్నాడు, ఏటా వేయించాల్సిందే. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు, కానీ అప్పటి దాకా ఆగొద్దు. ఈ వారంలోనే ఆటో మాట్లాడండి. అది మీ నాయిన పిలిస్తే తప్ప కొట్టం దాటి రావడం లేదన్నారు కదా, ఆయన్ను కూడా రమ్మని అడగండి.