దోర్నాల ఘాటు దిగే ముందు

చిరంజీవి అమ్మాయికి, మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు కొన్న పాత కారులో మీ అమ్మానాన్నలను ఎక్కించుకొని, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తున్నావని మీ పెద్దమ్మ చెప్పినప్పటి నుండి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. టైర్ల గాలి, లైట్లు, స్టెప్నీ నువ్వే చూసుకోగలవు. నా దిగులంతా బ్రేకుల గురించే.

బ్రేకు బండి వేగాన్ని వేడిగా మార్చి, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెమైన డిస్కులోకి పంపుతుంది. 40 కిలోమీటర్ల వేగం నుండి ఆగినప్పటి కంటే 80 నుండి ఆగినప్పుడు ఆ వేడి నాలుగింతలు. ఘాటులో మలుపు వెంట మలుపు వస్తుంటే డిస్కు చల్లారే వ్యవధి ఉండదు. డిస్కును నొక్కిపట్టే ప్యాడ్లు మరీ కాగితే పెడలు గట్టిగానే ఉంటుంది గాని బండి ఆగదు. బ్రేకు ఆయిల్ మరిగితే పెడలే నేలదాకా దిగిపోతుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. పాత యజమాని ఎప్పుడు మార్చాడో తెలియదు కనుక ముందు దాన్ని మార్పించు.

రెండో గేరులో దిగు, బండిని ఇంజనే పట్టి ఉంచి బ్రేకుల పని తగ్గిస్తుంది. పెట్రోలు కలిసి వస్తుందని న్యూట్రల్ చేయమనే తెలివి మీ నాన్నది. ఆ మాట ఎత్తితే నా పేరు చెప్పి నోరు మూయించు. నీ చిన్నతనంలో ఆయన ఘాటంతా పెడలు మీద కాలు పెట్టుకొనే దిగి, దోర్నాలలో టీకొట్టు ముందు బండి ఆపి, పెడలు అలాగే తొక్కిపట్టి కబుర్లలో పడ్డాడు. కాగిన డిస్కు మీద ప్యాడు నొక్కుకొని ఉన్నచోట దాని పదార్థం మచ్చలా అంటుకొని, పట్టు చోటుకొక రకంగా మారి, ఒంగోలు చేరేలోగా బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణకసాగింది. డిస్కు వంగిందని ఒక మెకానిక్ దాన్ని లేత్ పట్టించి, డిస్కు కూర్చునే హబ్ మీది తుప్పు గీకకుండానే బిగించాడు. ఆ తుప్పు పొర వల్ల డిస్కు వెంట్రుకవాసి వారగా తిరుగుతూ, ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడుకు రాసుకొని అరిగింది; మందంలో తేడా వచ్చి వణుకు మళ్లీ మొదలైంది. హబ్ శుభ్రం చేసి, కొత్త డిస్కులు వేసి, నట్లు ఎదురెదురుగా సమానంగా బిగించిన తరువాతగాని అది పోలేదు. మీ నాన్న ఈనాటికీ రోడ్డుదే తప్పంటాడు!

అందుచేత తల్లీ, కిందికి చేరాక వెంటనే ఆపకుండా, బ్రేకు వాడకం తగ్గించి కొంతదూరం నడిపితే డిస్కులు గాలికి చల్లారుతాయి. కాలిన వాసన వస్తే చోటు చూసి ఆపి, గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టు. నీళ్లు మాత్రం పోయకు, కాగిన పోత ఇనుము పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. ఆ అడవి దారిలో రాత్రి వాహనాలను వదలరు, గేటు మూసేస్తారన్న తొందరలో వేగంగా దిగుతారేమోనన్నదే నా భయం, పెందలాడే బయలుదేరు.

శనివారం కారు ఇక్కడికి తీసుకొని రా. చక్రాలు విప్పి, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నులు కదులుతున్నాయో పట్టేశాయో నేనే చూస్తాను.